కెమెరా బరువు

ఆస్కార్ బర్నాక్‌కు ఉబ్బసం ఉండేది. జర్మనీలోని వెట్జ్‌లార్ ఊళ్లో, మైక్రోస్కోపులు తయారుచేసే లైట్జ్ సంస్థలో 1911లో చేరారు. సెలవు దొరికితే గుట్టలెక్కి, అడవి దారుల్లో నడిచి ప్రకృతి దృశ్యాలను ఫొటో తీయడం ఆయనకు ప్రాణం. ఆ రోజుల్లో ఫొటో అంటే గాజు పలక. చెక్క కెమెరా, పలకలు పెట్టుకునే పెట్టె, మూడుకాళ్ల స్టాండు, ఇవన్నీ భుజాన వేసుకుని గుట్ట ఎక్కితే ఊపిరి అందేది కాదు. అందుకని సినిమాకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్మును అడ్డంగా నడిపించి, రెండు సినిమా ఫ్రేములంత జాగాను ఒక్క ఫొటోకు కేటాయించి, కోటు జేబులో పట్టే లోహపు పెట్టె ఒకటి తయారుచేసుకున్నారు. 1914 నాటికే అది పనిచేస్తోంది. ఇంతలో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. చివరికి 1925లో లైప్‌జిగ్ సంతలో లైకా పేరుతో అమ్మకానికి వచ్చింది.

లైకా అనగానే పారిస్ వీధులు, యుద్ధభూములు, పత్రికల వాళ్లు గుర్తొస్తారు. మొదట అది తయారైంది మాత్రం అడవిలో నడవాలని ఆశ ఉండి, బరువు మోయలేని ఒక మనిషి కోసం. ఫొటోగ్రఫీ చరిత్రలో నా మనసుకు అన్నిటికన్నా దగ్గరగా తోచే సంగతి ఇదే.

నేను నెల్లూరులో జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పక్షుల ఫొటోలు తీయడం పాఠంతో పాటే వచ్చిన అలవాటు. కొన్నేళ్లుగా కుడి భుజం పట్టేసి, బరువులెత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో పెద్ద లెన్సు బీరువాలోకి వెళ్లిపోయింది. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు ఆ సంగతి విని, తన చిన్న మిర్రర్‌లెస్ కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నేలపట్టు పక్షుల చెరువుకు తీసుకెళ్లి చూడండి మేడమ్. ఈ సీజనంతా మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు. ఒలింపస్ ఓఎం-డి ఈ-ఎం5 మార్క్ 3. 2019లో వచ్చిన మోడల్. బ్యాటరీ, కార్డుతో కలిపి 414 గ్రాములు. దానికి తగిలించిన 75–300 లెన్సు 423 గ్రాములు. రెండూ కలిపినా కిలోకు లోపే.

ఆ కెమెరాను అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే, ప్రకృతి ఫొటోల చరిత్రంతా బరువుల చరిత్రే కదా అనిపించింది. ఏ జంతువు ఫొటో మనకు మిగిలింది, ఏది మిగల్లేదు, అడవిలోకి ఎవరు వెళ్లగలిగారు, ఎవరు వాళ్ల వెనక సామాను మోస్తూ నడిచారు, ఇవన్నీ చాలావరకు తేల్చింది కెమెరా బరువే.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి పలక పద్ధతిని లోకానికి చెప్పారు. గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి ద్రావణంలో ముంచి, అది ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే కడిగెయ్యాలి. ఓ పావుగంట ఆలస్యమైతే పలక చెడిపోయినట్టే. కాబట్టి ఫొటోగ్రాఫరు ఎక్కడికి వెళ్తే చీకటిగది కూడా గుడారమై వెంట వెళ్లాలి. గాజు, సీసాలు, నీళ్లు, గుడారం గుంజలు, అన్నీ మనుషుల వీపుల మీదే. 1860ల్లో హిమాలయాలను ఫొటో తీసిన శామ్యూల్ బోర్న్ పదుల కొద్దీ కూలీలను వెంటేసుకుని కొండలెక్కారు. 1866లో మణిరంగ్ కనుమ దగ్గర 18,600 అడుగుల ఎత్తున తీసిన ఫొటోలు చాలా కాలం రికార్డుగా నిలిచాయి. నిలవాల్సిందే, అవి గొప్ప ఫొటోలు. అయితే ఆ ఎత్తుకు గాజు పలకలను పగలకుండా చేర్చిన చేతులున్నాయి. ఫొటోల మీద బోర్న్ పేరు ఉంది, ఆ చేతులవాళ్ల పేర్లు లేవు.

1871లో రిచర్డ్ మాడక్స్ పొడి పలక పద్ధతి చెప్పాక చీకటి గుడారం తప్పింది. పలకల బరువు తప్పలేదు. మన దగ్గర ఆ కాలపు మహా ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు పొందారు. వైస్రాయి కర్జన్ 1902లో హైదరాబాద్ రాజ్యానికి వేటకు వచ్చినప్పుడు వరంగల్ దగ్గర నెక్కొండలో చంపిన పులితో కర్జన్ దంపతులు దిగిన ఫొటో ఆయన స్టూడియోదే. నేను దాన్ని తరగతిలో పిల్లలకు చూపించేదాన్ని. తెలుగు నేల మీద తీసిన తొలినాళ్ల పులి ఫొటోల్లో పులి చచ్చిపడి ఉంటుంది. వేట మీద దొరలకున్న మోజు ఒక కారణం. రెండో కారణం కెమెరాలోనే ఉంది. అంత బరువైన పెట్టెను స్టాండు మీద నిలిపి, సరిచూసుకుని, పలక దూర్చి, మూత తీసేదాకా కదలకుండా ఉండగలిగిన పులి చచ్చిన పులి ఒక్కటే. అడవిలో స్వేచ్ఛగా తిరిగే జంతువు ఫొటోకు ఆ పరికరంలో చోటు దాదాపు లేదు.

బతికున్న పులిని పట్టడానికి ఫ్రెడరిక్ చాంపియన్ వేరే దారి వెతికారు. సంయుక్త రాష్ట్రాల్లో, అంటే నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ అడవుల్లో ఆయన ఫారెస్టు ఆఫీసరు. పులి నడిచే దారి కనిపెట్టి, కెమెరాను అక్కడే కట్టి, అడ్డంగా సన్నని తీగ లాగి వదిలేసేవారు. రాత్రి పులి తీగను తన్నగానే మెగ్నీషియం వెలుగు మెరిసేది, ఫొటో పడేది. ఆ ఫొటోలతో 1927లో ఆయన పుస్తకం వచ్చింది. చారల్ని బట్టి ఏ పులికి ఆ పులిని గుర్తుపట్టొచ్చని కూడా చాంపియన్ గమనించారు. ఈరోజు నల్లమలలో పులుల లెక్కకు చెట్లకు కట్టే కెమెరా ట్రాపులు ఆ తీగకు వారసులే. కెమెరాను మోస్తూ జంతువు వెంట తిరగలేం కాబట్టి జంతువు వచ్చే చోట కెమెరాను వదిలి రావడం. బరువు సమస్యకు అంత తెలివైన జవాబు అప్పటికి మరొకటి లేదు.

ఇంగ్లండులో కియర్టన్ సోదరులు మరో జవాబు కనిపెట్టారు. 1900లో ఒక ఎద్దు చర్మాన్ని లోపల డొల్లగా కూర్చి, అందులో కెమెరాతో సహా దూరి పక్షులకు దగ్గరగా నిలబడ్డారు. కెమెరా చిన్నదై ఉంటే ఎద్దు అవసరం ఉండేదా అని నేను చాలాసార్లు ఆలోచించాను.

మన పక్షుల చరిత్ర మొదటి పేజీల్లో కెమెరా లేదు, కుంచె ఉంది. మద్రాసు సైన్యంలో డాక్టరైన థామస్ జెర్డన్ కొంతకాలం మా నెల్లూరులోనే సివిల్ సర్జన్. మద్రాసులో 1843 నుంచి 1847 వరకు భాగాలుగా వచ్చిన ఆయన పక్షుల చిత్రాల పుస్తకానికి బొమ్మలు గీసింది భారతీయ చిత్రకారులు. నెల్లూరు చుట్టుపక్కల జంతువుల సంగతులు ఆయన యానాదుల దగ్గర తెలుసుకున్నారు. ఆయన పేరు పెట్టుకున్న పక్షి ఒకటి ఉంది, మన కలివికోడి. 1848లో శాస్త్రగ్రంథాలకెక్కి, 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ కనిపించలేదు. ఇక లేదనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ దొరికింది. పట్టి తెచ్చింది పక్షులు పట్టడం వృత్తిగా ఉన్న స్థానికుడు. ఇన్నాళ్లూ పుస్తకాలవాళ్లకే లేదు ఆ పక్షి. ఆ కంపల్లో తిరిగేవాళ్లకు ఎప్పుడూ ఉంది.

కెమెరా చరిత్రలో ఈ ఒక్క సంగతి నన్ను వదలదు. చూపు ఒకరిది, పరికరం ఇంకొకరిది. పరికరం బరువు, ఖరీదు ఎంత పెరిగితే ఆ ఇద్దరి మధ్య దూరం అంత పెరిగింది.

ఆ దూరాన్ని చెరిపిన వారిలో నాకు గురువులాంటి వ్యక్తి మద్రాసు ఎం. కృష్ణన్. తమిళ నవలాకారుడు మాధవయ్య కొడుకు, 1912లో పుట్టారు. చదువయ్యాక కొన్నాళ్లు బళ్లారి పక్కన సండూరు సంస్థానంలో పనిచేశారు. 1950లో స్టేట్స్‌మన్ పత్రికలో మొదలుపెట్టిన ప్రకృతి వ్యాసాల శీర్షికను 1996లో చనిపోయేదాకా నడిపారు. రంగుల ఫిల్ము వచ్చినా నలుపు తెలుపుల్ని వదల్లేదు. ఏనుగుల ఫొటోలు నడిచి వెళ్లి తీసేవారు, లేదా మావటి వెనక ఏనుగు మీద కూర్చుని తీసేవారు. వేరువేరు కెమెరాల భాగాలు, వేరువేరు లెన్సులు కలిపి సొంతంగా కూర్చుకున్న కెమెరాకు ఆయన పెట్టుకున్న పేరు 'సూపర్ పాండరోసా'. పేరులోనే భారం ఉంది. ఆ భారంతోనే ఆయన దక్షిణాది అడవులన్నీ తిరిగారు. కృష్ణన్ ఫొటోల్లో జంతువు ఏం చేస్తోందో కనిపిస్తుంది. ఎంత అందంగా ఉందన్నది ఆయనకు రెండో విషయం. మంచి పరికరం లేదని దిగులుపడే పిల్లలకు నేను ఆయన కథే చెప్పేదాన్ని.

మరి లైకా అంత చిన్నగా వచ్చాక పక్షుల ఫొటోలకు అదే ఎందుకు చాలలేదు? ఇక్కడ కొంచెం యంత్రం సంగతి చెప్పాలి. లైకాలో మనం చూసే కిటికీ వేరు, ఫొటో పడే లెన్సు వేరు. మనుషులకు, వీధులకు అది సరిపోతుంది. దూరాన ఉన్న పక్షికి పొడుగు లెన్సు పెడితే, కిటికీలో కనిపించేదీ ఫిల్ము మీద పడేదీ ఒకటి కావు. ఫోకస్ ముక్కు మీద పడిందో రెక్క మీద పడిందో తెలియదు. దానికి పరిష్కారం అద్దం. లెన్సు వెనక ఏటవాలుగా అద్దం పెట్టి, లెన్సులోంచి వచ్చే బొమ్మనే పైకి మళ్లించి కంటికి చూపించడం. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, ఫిల్ము మీద వెలుగు పడుతుంది. పాత కెమెరాల్లో లేచిన అద్దం మళ్లీ ఫిల్ము తిప్పేదాకా దిగేది కాదు, అంతసేపూ కన్ను చీకట్లోనే. 1954లో జపాన్‌లో అసాహి సంస్థ లేచిన అద్దం వెంటనే దిగే కెమెరా తెచ్చింది. తర్వాత ఎస్ఎల్ఆర్ అనే ఆ జాతి కెమెరాలు అర్ధశతాబ్దం పాటు అడవిని ఏలాయి.

అద్దం వల్ల పక్షి ఫొటో సాధ్యమైంది, అద్దంతోనే బరువు తిరిగొచ్చింది. అద్దం లేవడానికి చోటు కావాలి కాబట్టి లెన్సుకూ ఫిల్ముకూ మధ్య జాగా వదలాలి. పైన బొమ్మను నిటారుగా తిప్పి చూపే గాజు పట్టకం. అద్దం లేచినప్పుడల్లా అదురు, చప్పుడు.

ఎనభైల్లో మా తరానికి దొరికింది రష్యన్ జెనిత్. ఇనుప గుండులా ఉండేది, చెడిపోయేది కాదు. దానికి 135 మిల్లీమీటర్ల లెన్సు పెట్టుకోవడమే మాకు గొప్ప. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ చేసే ఇందు ఫిల్ము, తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఆర్వో ఫిల్ము వాడేవాళ్లం. రోలుకు 36 ఫొటోలు. జీతంలోంచి తీసి కొన్న రోలు కాబట్టి బటన్ నొక్కే ముందు ఎంతో ఆలోచించేవాళ్లం. జెనిత్ అద్దం చప్పుడుకు గట్టు మీది కొంగలు లేచి ఎగిరిపోయేవి. రెండో ఫొటోలో ఖాళీ కొమ్మ.

ఆ చప్పుడును, ఆ బరువును శత్రువులుగా చూసిన ఇంజనీరు ఒకరు జపాన్‌లో ఉండేవారు, ఒలింపస్ సంస్థలో యొషిహిసా మైతానీ. 1933లో పుట్టారు. కుర్రతనంలో లైకా వాడిన మనిషి. 1959లో ఒక ఫ్రేము జాగాలో రెండు ఫొటోలు తీసే 'పెన్' కెమెరా చేశారు. రోలుకు 72 వస్తాయి. ఫిల్ము కొనడానికి వెనకాడేవాళ్లకు అదెంత ఉపకారమో మా తరానికి చెప్పక్కర్లేదు. తర్వాత ఎస్ఎల్ఆర్ మీద పడ్డారు. పెద్ద సైజు, పెద్ద బరువు, పెద్ద చప్పుడు, ఈ మూడూ దాని జబ్బులని నిర్ణయించుకుని 1972లో 'ఎం-1' తెచ్చారు. 510 గ్రాములు. ఆ పేరు మీద లైకా అభ్యంతరం చెబితే 'ఓఎం-1' అయింది. కొండలెక్కేవాళ్లు, పురుగుల్నీ పూలనూ ఫొటో తీసేవాళ్లు దాన్ని ప్రేమించారు. బర్నాక్ ఆయాసం నుంచి మైతానీ దాకా ఒకే ఆలోచన నడుస్తూ వచ్చింది.

డిజిటల్ కాలంలో ఆ ఆలోచనకు చివరి మెట్టు అద్దాన్ని తీసెయ్యడం. లెన్సులోంచి వచ్చే బొమ్మ నేరుగా సెన్సారు మీద పడుతున్నప్పుడు, దాన్నే చిన్న తెర మీద కంటికి చూపిస్తే చాలు, అద్దంతో పనిలేదు. 2008లో ఒలింపస్, పానాసోనిక్ కలిసి ఈ పద్ధతిని ప్రకటించాయి. అదే ఏడాది పానాసోనిక్ జీ1 వచ్చింది. మరుసటి ఏడు, మైతానీ పెన్‌కు యాభై ఏళ్లు నిండినప్పుడు, ఒలింపస్ అదే పేరుతో అద్దం లేని పెన్ విడుదల చేసింది. మైతానీ పోయింది కూడా ఆ 2009లోనే. ఈ కెమెరాల సెన్సారు 17.3 × 13 మిల్లీమీటర్లు, అంటే బర్నాక్ ఫ్రేములో పావు వంతు కంటే కాస్త ఎక్కువ విస్తీర్ణం. మొదట్లో ఇది ఆటబొమ్మ అన్నారు. 35 మిల్లీమీటర్ల ఫిల్మును చూసి గాజు పలకలవాళ్లు అన్న మాటా అదే. 2018 వచ్చేసరికి నికాన్, క్యానన్ కూడా పెద్ద సెన్సారుతో అద్దం లేని కెమెరాలు తెచ్చాయి.

ఇక నేలపట్టు. నాయుడుపేట, సూళ్లూరుపేటల మధ్య దొరవారిసత్రం మండలంలో ఉంది. జిల్లాలు మారాక తిరుపతి జిల్లా అయింది, మా నోటికి ఇంకా నెల్లూరే. 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితే, నీళ్లలో సగానికి మునిగి నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. వాటి పక్కనే నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు. పిల్లలకు మేత పులికాట్ సరస్సు నుంచి, చుట్టుపక్కల చెరువుల నుంచి వస్తుంది. గూళ్ల కింద పడే రెట్టతో చెరువు నీరు ఎరువవుతుంది, ఆ నీరు పొలాలకు పారుతుంది. సర్కారు బోర్డు పెట్టకముందే ఆ ఊరి రైతులకు ఆ సంగతి తెలుసు. పక్షుల్ని కాపాడింది మొదట వాళ్లే.

మబ్బు పట్టిన డిసెంబరు పొద్దున గట్టెక్కాను. మొదట తెలిసిన తేడా నడక. పెద్ద లెన్సు ఉన్న రోజుల్లో పక్షుల్ని చూసేందుకు కట్టిన టవర్ దగ్గర స్టాండు వేస్తే ఇక అక్కడే. ఎటు వెళ్లాలన్నా మళ్లీ అంతా విప్పి, మోసి, వెయ్యాలి కాబట్టి పక్షులే నా ముందుకు రావాలని కూర్చునేదాన్ని. ఈ కెమెరా మెడలో ఉంటే గట్టు చివరిదాకా నడిచాను. లోతు తక్కువ నీళ్లలో తెడ్డుమూతి కొంగలు ముక్కును అటూ ఇటూ ఊపుతూ మేస్తున్న చోటు టవర్ మీది నుంచి కనిపించదు. నడిస్తేనే కనిపిస్తుంది.

రెండోది నిశ్శబ్దం. గట్టు కింద రాయి మీద గుడ్డికొంగ ఒకటి చేపకు కాపు కాసి ఉంది. చప్పుడు లేని షట్టర్ పెట్టి తీస్తూనే ఉన్నాను, అది మెడ కూడా తిప్పలేదు. జెనిత్ చప్పుడుకు ఎగిరిపోయిన కొంగలన్నీ ఆ క్షణం గుర్తొచ్చాయి. అయితే ఈ నిశ్శబ్దానికీ ఒక షరతుంది. సెన్సారు బొమ్మను ఒక్కసారిగా కాకుండా వరస వెంట వరసగా చదువుతుంది కాబట్టి, వేగంగా రెక్క కొట్టే నీటికాకిని అలా తీస్తే రెక్క వంకరగా పడుతుంది. నిదానంగా రెక్క కొట్టే గూడబాతుకు ఆ బాధ లేదు. ఎగిరే చిన్న పిట్టలకు మామూలు షట్టరే వాడాలి.

మూడోది తెలుపు. ముదురాకుపచ్చ కొమ్మ మీద తెల్ల పక్షి ఫిల్ము కాలంలో మాకు పెద్ద పరీక్ష. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఆకుల చీకటిని చూసి వెలుగు పెంచుతుంది, పక్షి సున్నం ముద్ద అయిపోతుంది. స్లైడు మద్రాసు నుంచి కడిగి వచ్చాకే ఆ సంగతి తెలిసేది. ఇందులో కన్ను పెట్టి చూసే తెర మీదే తెలుపు కొట్టుకుపోవడం కనిపిస్తుంది. చక్రం రెండు గీతలు వెనక్కి తిప్పితే తెల్లకంకణాయి వీపు మీది ఈకల అంచులు ఒక్కొక్కటే తేలివచ్చాయి. పాఠం చెప్పే మనిషిగా నాకు ఇదే అన్నిటికన్నా గొప్పగా తోచింది. వెలుగు అంటే ఏమిటో విద్యార్థి అక్కడికక్కడే నేర్చుకుంటాడు.

బటన్‌ను సగం నొక్కి ఉంచితే కెమెరా లోలోపల ఫొటోలు తీస్తూ ఉండి, పూర్తిగా నొక్కగానే అంతకుముందు క్షణంలోని 14 ఫొటోల దాకా దాచిపెట్టే సదుపాయం ఒకటుంది. నీళ్ల మీంచి లేచే గూడబాతు రెండు కాళ్లనూ జోడించి నీటిని తన్నుతుందని పుస్తకంలో చదివి చెప్పేదాన్ని. ఆ తన్ను మొదలైన క్షణాన్ని ఇప్పుడు ఫొటోలో చూశాను.

లోపాలూ చెప్పాలి. 600 మిల్లీమీటర్ల పెద్ద లెన్సు ఎంత దగ్గరగా చూపిస్తుందో ఈ బుల్లి లెన్సు కూడా అంతే దగ్గరగా చూపిస్తుందన్నది నిజం, సెన్సారు చిన్నది కాబట్టి. మూడు కిలోలు దాటే ఆ లెన్సు తెచ్చే వెలుగు మాత్రం ఇది తేలేదు. మబ్బు దట్టమయ్యాక ఐఎస్‌ఓ, అంటే వెలుగుకు సెన్సారు స్పందించే స్థాయి, పెంచితే నీడల్లో ఇసుక చల్లినట్టు గరుకు వచ్చింది. కొమ్మల వెనక ఉన్న పక్షిని వదిలి ముందున్న కొమ్మను ఫోకస్ పట్టుకుంటుంది, అక్కడ చేత్తో తిప్పుకోవాల్సిందే. తెర ఎప్పుడూ వెలిగి ఉండటం వల్ల బ్యాటరీ త్వరగా అయిపోతుంది. కెమెరాకు చినుకుల భయం లేదు గానీ ఈ లెన్సుకు ఉంది. తుంపర మొదలవగానే ప్లాస్టిక్ కవరు తొడగాల్సి వచ్చింది. ఇవన్నీ లెక్కేసినా నా తీర్పు చిన్న కెమెరాకే. నడిచి వెళ్లి తీసిన గరుకు ఫొటో, వెళ్లలేక తీయని నున్నటి ఫొటో కన్నా పక్షి గురించి ఎక్కువ చెబుతుంది.

గట్టు మీద పక్క ఊరి పెద్దాయన ఒకాయన కలిశారు. "మా వయసులో కెమెరావాళ్లు జీపుల్లో వస్తే సామాను మేమే మోసేవాళ్లమమ్మా. పెట్టెలు దించి, దూరంగా నిలబడమనేవాళ్లు" అన్నారు. నా మెడలోది తీసి ఆయన చేతికిచ్చాను. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పాను. కాసేపు అటూ ఇటూ తిప్పి ఒక చెట్టు దగ్గర ఆపారు. "ఆ వంకర కొమ్మ గూట్లో రెండు పిల్లలుండాయి, చూడమ్మా. చిన్నది ఈ మధ్యే గుడ్డులోంచి బయటికొచ్చింది" అన్నారు. నేను అప్పటికే ఆ చెట్టును ఎన్నోసార్లు చూశాను, ఆ గూటిని కాదు. ఆయన తీసిన ఫొటోలో రెండు పిల్లలూ స్పష్టంగా ఉన్నాయి. తల్లి సంచిలోకి తల దూర్చి మేత అందుకుంటున్నది పెద్దది. బోర్న్ కూలీలకు, జెర్డన్‌కు సంగతులు చెప్పిన యానాదులకు, కలివికోడిని పట్టి తెచ్చినతనికి ఇలాంటి పెట్టె ఒకటి చేతికి దొరికి ఉంటే మన ప్రకృతి చరిత్ర ఇంకెంత నిండుగా ఉండేదో.

అది ఉత్తి ఊహ కాదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1940ల్లో పశ్చిమ గోదావరిలో, కొల్లేటికి దగ్గరగా ఉన్న ఆరేడులో గూడబాతుల పెద్ద స్థావరాన్ని కె.కె. నీలకంఠన్ చూశారు. తర్వాత కేరళలో ఇందుచూడన్ పేరుతో పక్షుల పుస్తకాలు రాసిన ఆయనే. 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దాని గురించి రాశారు. ఆ స్థావరం ఇప్పుడు లేదు. ఆయన వచ్చి రాయకపోయి ఉంటే గోదావరి ఊళ్లలో గూడబాతులు పిల్లల్ని పెంచాయన్న సంగతి ఈ తరానికి చేరేదే కాదు. అలాంటి చెరువులు మనకు ఇంకా ఉన్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళంలో తేలినీలాపురం, అనంతపురం వైపు వీరాపురం అందరికీ తెలిసినవి. పేరు తెలియని చెరువులు, నాలుగు గూళ్లున్న చింతచెట్లు ఊరూరా ఉంటాయి. వాటిని ఏ పెద్ద లెన్సూ వెతుక్కుంటూ రాదు.

కాబట్టి చిన్న కెమెరా ఉన్నవాళ్లకు, కొత్తగా కొనబోయేవాళ్లకు నాదొక మనవి. మీ ఊరి చెరువుతో మొదలుపెట్టండి. కెమెరా చిన్నది కదా అని గూటి దాకా వెళ్లకండి. పెద్ద పక్షి బెదిరి లేచిన కాసేపట్లోనే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది, ఎండకు పిల్ల సొమ్మసిల్లుతుంది. గట్టు దాటకుండా తీయగలిగినంతే తీయండి. ఏడాదికి ఒక్కసారైనా అదే చోట నిలబడి అవే చెట్లను తీయండి. ప్రతి ఫొటో కింద ఊరి పేరు, చెరువు పేరు, తేదీ రాయండి. గూడు చూపించిన మనిషి ఎవరైనా ఉంటే, వాళ్లు సరేనంటే, వాళ్ల పేరు కూడా రాయండి.